హాలును ముక్కలు చెయ్యకుండా వాడకం మార్చడం: ఓక్లాండ్ పారామౌంట్ థియేటర్ కేస్ స్టడీ

మూతపడ్డ సినిమా హాలు గురించి సలహా కోసం వచ్చే ఓనర్లు దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: "లోపల ఎన్ని ముక్కలు చెయ్యొచ్చు?" కింద షాపులు, పైన రెండు చిన్న స్క్రీన్లు, వెనకాల ఫంక్షన్ హాలు. వాళ్ల వైపు నుంచి చూస్తే అడగడంలో తప్పేమీ లేదు. వెయ్యి సీట్ల హాలు రోజుకు నాలుగు ఆటలతో నిండే రోజులు పోయాయి, కరెంటు బిల్లు, ఆస్తి పన్ను మాత్రం ఆగవు. పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ఆ ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ పారామౌంట్ థియేటర్ ప్లాన్లు తీసి బల్ల మీద పరుస్తాను. 3,476 సీట్లతో కట్టిన హాలు అది. తెరిచిన ఆరు నెలలకే నడపలేక మూసేశారు. 1970లో మళ్లీ మూసేశారు. అయినా ఈ రోజుకీ అది ఒకే గది. అడ్డగోడ ఒక్కటి కూడా లేవలేదు.

ఓక్లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లను కలిపి పిలిచే బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లలో ఈ భవనం తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది లోపలికి వెళ్లింది సినిమా చూడటానికి కాదు, అమెరికా పౌరసత్వ ప్రమాణం చెయ్యడానికి. ఆ వాడకం గురించి తర్వాత వివరంగా రాస్తాను, ఈ కేసులో నాకు బాగా నచ్చిన భాగం అదే.

కట్టినప్పుడు ఏం కట్టారు

1930 డిసెంబరులో పని మొదలైంది, 1931 డిసెంబరు 16న హాలు తెరిచారు. అంత పెద్ద భవనం ఒక్క ఏడాదిలో లేచింది. ఖర్చు సుమారు 30 లక్షల డాలర్లు. మహామాంద్యం అమెరికాను పట్టి పీడిస్తున్న రోజులవి. ఆర్కిటెక్ట్ టిమతీ ఫ్లూగర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి పెరిగినవాడు. కాలేజీలో ఆర్కిటెక్చర్ చదవలేదు, ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి పని నేర్చుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1922 నాటి కాస్ట్రో థియేటర్ ఆయన చేసిందే, 1925 నాటి పసిఫిక్ టెలిఫోన్ భవనం కూడా ఆయనదే.

1920లలో అమెరికాలో కట్టిన పెద్ద సినిమా హాళ్లలో చాలావరకు దేన్నో ఒకదాన్ని అనుకరించినవే. స్పానిష్ కోటలు, మూరిష్ ప్రాసాదాలు, మన దేశపు గుళ్లను చూసి ఊహించి చేసిన బొమ్మలు. పారామౌంట్‌కు కొద్ది దూరంలోనే ఉన్న 1928 నాటి ఫాక్స్ థియేటర్ ఆ కోవకు చెందింది. ఫ్లూగర్ ఆ దారి పట్టలేదు. 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన తర్వాత ప్రపంచమంతా పాకిన ఆర్ట్ డెకో పద్ధతిని (సూటి గీతలు, జ్యామితి ఆకారాలు, మెరుపుతో చేసే అలంకారం) తీసుకుని, అలంకారంలో పెద్ద వాటా వెలుగుకే ఇచ్చాడు. బ్రాడ్‌వే వీధి వైపు గోడ నిండా రంగు పింగాణీ పలకల మొజాయిక్ ఉంటుంది, వంద అడుగులకు పైగా ఎత్తు. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ కింద ఉన్న కళాకారులను తోలుబొమ్మల్లా ఆడిస్తుంటారు. ఆ ఇద్దరి మధ్యలో థియేటర్ పేరు నిలువుగా నియాన్ అక్షరాల్లో వెలుగుతుంది.

లోపలికి వెళ్తే 58 అడుగుల ఎత్తున్న లాబీ. అక్కడ, హాల్లో కూడా, పైకప్పు దగ్గర కాసేపు ఆగాలి. గాల్వనైజ్డ్ రేకును సన్నని పట్టీలుగా కోసి, వాటిని అంచు మీద నిలబెట్టి, ఆకులు, తీగల్లాంటి ఆకారాల్లో వంచి జాలీలా అల్లారు. దీపాలన్నీ ఆ జాలీ పైన దాగి ఉంటాయి. వెలుగు పట్టీల సందుల్లోంచి కిందికి దిగుతుంది. కింద నిలబడి చూసేవాడికి బల్బు ఒక్కటి కూడా కనిపించదు, కప్పు మొత్తం తనంతట తానే వెలుగుతున్నట్టు ఉంటుంది. లాబీ కప్పుకు ఆకుపచ్చ వెలుగు, తలుపుల పైన చెక్కిన గాజుతో చేసిన వెలుగు ఫౌంటెన్. హాలు గోడల నిండా బంగారు రంగు వేసిన ప్లాస్టర్ శిల్పాలు. ఆడవాళ్ల విశ్రాంతి గదుల్లో ఒకదానికి నల్ల లక్క గోడలు, మీద చిత్రాలు.

పరిరక్షణ చేసేవాడి దృష్టిలో ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. ఇటువంటి కప్పులో దీపాలు ఆర్పేస్తే మిగిలేది రేకు. రాతి కట్టడం వాడకం లేకపోయినా తన అందం తాను నిలబెట్టుకుంటుంది. ఈ కట్టడం అలా కాదు, నడిపితేనే కనిపిస్తుంది. నడపడానికి డబ్బు కావాలి. అంటే ఈ థియేటర్‌ను కాపాడటం అనే పనిలో వాడకం వెతకడం మొదటి రోజు నుంచే ఉంది.

మొదటి మార్పు: ఆర్నెల్లలోనే

తెరిచినప్పుడు ప్రేక్షకులకు సినిమా ఒక్కటే చూపించలేదు. స్టేజి మీద నాట్యాలు, విన్యాసాలు, స్టేజి ముందు వాద్యకారులు కూర్చునే గుంటలో (పిట్‌లో) ఆర్కెస్ట్రా, వూర్లిట్జర్ కంపెనీ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం), ఆ తర్వాత సినిమా. వారానికి నడిపే ఖర్చు 27,000 డాలర్లు. 1932 జూన్‌లో తలుపులు మూసేశారు. 1933 మేలో మళ్లీ తెరిచినప్పుడు స్టేజి షో లేదు, ఆర్కెస్ట్రా లేదు, సినిమా మాత్రమే. ఖర్చు తగ్గించడానికి అక్కర్లేని బల్బులు కూడా విప్పేశారు. ఫ్లూగర్ వెలుగుతో కట్టిన భవనంలో ఆ వెలుగే మొదటి పొదుపయింది.

అయితే స్టేజీని కొట్టెయ్యలేదు. పిట్‌ను శాశ్వతంగా పూడ్చి పైన సీట్లు వెయ్యలేదు. తెర వెనకాల మేకప్ గదులు, పరదాలను ఎత్తే తాళ్లు, కప్పీలు ఉండే ఎత్తైన భాగం ఏ పనీ లేకుండా దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి. ఎవరో దూరం ఆలోచించి ఉంచారని నేను అనను, కూల్చడానికి కూడా డబ్బు ఖర్చవుతుంది కదా. కారణం ఏదైనా, 1972లో ఈ భవనానికి రెండో జీవితం దొరికింది సరిగ్గా ఆ పనిలేని భాగం వల్లనే. నేను ఓనర్లకు అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే: ఇప్పుడు వాడని భాగాన్ని చూసి "వేస్టు జాగా" అనుకోకండి, తర్వాత వచ్చే అద్దెదారుకు కావాల్సింది అదే కావచ్చు. మన పాత టాకీసుల్లో చాలావాటికి తెర ముందు నాటకాలకు పనికొచ్చే స్టేజి ఉండేది. రీమోడలింగ్ అనగానే ముందు దాన్నే లేపేసి ఇంకో రెండు వరసల సీట్లు వేశారు.

1950ల నుంచి జరిగింది అందరికీ తెలిసిన కథే. ఇంటింటికీ టీవీ వచ్చింది, కార్లున్న కుటుంబాలు నగరం విడిచి శివార్లకు వెళ్లాయి, నగరం నడిబొడ్డులోని పెద్ద హాళ్లు బోసిపోయాయి. వేరే ఊళ్లలో ఇలాంటి హాళ్ల బాల్కనీ ముందు గోడ కట్టి రెండు స్క్రీన్లుగా, మూడు స్క్రీన్లుగా చీల్చారు. పారామౌంట్ 1970 సెప్టెంబరు 15న మూతపడింది.

కొనుగోలు, ఆ తొమ్మిది నెలల పని

అదే సమయంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాయించే పెద్ద వాద్యబృందం ఓక్లాండ్ సింఫనీ ఆర్కెస్ట్రా సొంత వేదిక కోసం వెతుకుతోంది. 1972లో ఆ ఆర్కెస్ట్రా సంస్థే పారామౌంట్‌ను 10 లక్షల డాలర్లకు కొంది. అందులో సగం అమ్మిన కంపెనీయే విరాళంగా ఇచ్చింది, మిగతాది దాతలు. మూతపడిన రెండేళ్లకే కొత్త యజమాని దొరకడం ఈ కేసులో కలిసొచ్చిన విషయం. పక్కనున్న ఫాక్స్ 1960లలో మూతపడి, 1996లో నగరం కొనేదాకా సరైన దిక్కు లేక, 2009 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు. కప్పు కారడం మొదలైన హాల్లో ప్లాస్టర్ ఏడాదికేడాది ఎలా ఊడిపోతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. రెండేళ్ల ఖాళీకి, నలభై ఏళ్ల ఖాళీకి మధ్య తేడా బడ్జెట్‌లో సున్నాల రూపంలో కనిపిస్తుంది.

పునరుద్ధరణ డిజైన్ స్కిడ్‌మోర్ ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థ చేసింది. సలహాదారుగా టిమతీ తమ్ముడు మిల్టన్ ఫ్లూగర్ ఆఫీసు ఉంది. 1973 సెప్టెంబరు 22న హాలు మళ్లీ తెరిచారు. పని దాదాపు తొమ్మిది నెలల్లో అయిపోయింది. అంత త్వరగా ఎలా అయిందంటే, మొదట్లోనే ఒక నిర్ణయం తీసుకున్నారు: కొత్తగా డిజైన్ చెయ్యొద్దు, 1931లో ఎలా ఉందో అలా తెద్దాం. 1970ల మొదట్లో ఇది అంత మామూలు ఆలోచన కాదు. ఆర్ట్ డెకోను అప్పటికింకా చాలామంది పాత ఫ్యాషన్‌గానే చూసేవాళ్లు. సింఫనీ హాలు అంటే తెల్లగా, హుందాగా ఉండాలని పట్టుబట్టి బంగారు గోడల మీద రంగు కొట్టించేవాళ్లకు కొదవ ఉండదు.

కార్పెట్‌ను అసలు డిజైన్ చూసి మళ్లీ నేయించారు. సీట్ల గుడ్డ కూడా పాత నమూనా ప్రకారమే. మారిన చోట కారణం ఉంది. 1931 నాటి వరసలు ఇరుకు. మనుషుల మోకాళ్లకు జాగా కావాలని వరసల మధ్య దూరం పెంచారు, దాంతో సీట్లు మూడు వేల చిల్లరకు దిగాయి, ఇప్పుడు 3,040. విరామంలో తాగడానికి, మాట్లాడుకోవడానికి బార్లు చేర్చారు. నాలుగు వందలకు పైగా సీట్లు వదులుకోవడం ఓనర్‌కు కష్టంగా అనిపించే నిర్ణయమే, కానీ కూర్చోలేని సీటుకు రెండోసారి టికెట్ తెగదు.

ధ్వని గురించి ఒక మాట. సినిమా హాల్లో మాట స్పష్టంగా వినపడాలి, అందుకే ప్రతిధ్వని త్వరగా చచ్చిపోయేలా చూస్తారు. సింఫనీకి కావాల్సింది దానికి దాదాపు వ్యతిరేకం, శబ్దం ఆగిన తర్వాత రెండు సెకన్ల దాకా గాలిలో నిలవాలి. మందపాటి కార్పెట్, గుడ్డ సీట్లు, లోతైన బాల్కనీ ఉన్న ఏ సినిమా హాలైనా వాద్యసంగీతానికి రాజీయే. ఇక్కడ ఆ రాజీని ఒప్పుకున్నారు గానీ, దాన్ని తప్పించడానికని గోడల మీది శిల్పాలను చెక్కలతో కప్పెయ్యలేదు. నా దృష్టిలో అది సరైన పనే. ఆ రోజు ఒక్క సింఫనీ కోసమే హాలును మార్చేసి ఉంటే, తర్వాత జరిగినదాన్ని భవనం తట్టుకునేది కాదు.

అద్దెదారు దివాలా తీసినా

తర్వాత జరిగింది ఇది. 1975 నాటికే సింఫనీకి డబ్బు కటకట మొదలైంది. థియేటర్‌ను ఓక్లాండ్ నగరానికి ఒక్క డాలరుకు ఇచ్చేసి, బదులుగా 40 ఏళ్ల పాటు అద్దె లేకుండా కచేరీలు చేసుకునే హక్కు తీసుకుంది. 1977లో భవనానికి నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ (చారిత్రక కట్టడాలకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే జాతీయ గుర్తింపు) హోదా వచ్చింది. 1986లో సింఫనీ దివాలా తీసింది.

భవనం ఇంకా సింఫనీ పేరు మీదే ఉండి ఉంటే, దివాలా ఆస్తుల్లో భాగంగా అప్పులవాళ్ల చేతికి పోయేది. నగరం చేతిలో ఉంది కాబట్టి ఆ సెగ తగల్లేదు. రోజువారీ నిర్వహణ నగరం తరఫున ఒక లాభాపేక్ష లేని సంస్థ చూస్తుంది. ఆస్తి ఒకరిది, నడిపేది ఇంకొకరు, వాడుకునేవాళ్లు చాలామంది. మూడూ ఒకే చేతిలో ఉన్న హాళ్లు ఆ చెయ్యి బలహీనపడిన రోజే మూతపడతాయి. వారసత్వ భవనం అనగానే మనం ముందు సున్నం, ప్లాస్టర్, రంగుల గురించి మాట్లాడుకుంటాం. నాకైతే ఈ ఒప్పంద కాగితాలు కూడా కార్పెట్ అంత ముఖ్యమైన పరిరక్షణ పనే.

సింఫనీ పోయిన రెండేళ్లకు, 1988లో, ఓక్లాండ్ ఈస్ట్ బే సింఫనీ పేరుతో కొత్త ఆర్కెస్ట్రా పుట్టింది. అదీ ఈ హాల్లోనే వాయించింది. బ్యాలే నాట్యం, గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) కచేరీలు, హాస్యనటుల షోలు, స్కూళ్ల పట్టాల పంపకాలు అన్నీ ఇక్కడ జరుగుతాయి. గాయకుడు ప్రిన్స్ చనిపోవడానికి రెండు నెలల ముందు, 2016 ఫిబ్రవరిలో, ఒక పియానో, ఒక మైకుతో ఇక్కడ కచేరీ చేశాడు. పాత సినిమాలు వేసే రాత్రులు కూడా ఉంటాయి. అసలు ఆర్గన్‌ను చాలా ఏళ్ల కిందటే అమ్మేశారు. 1981 నుంచి వేరే వూర్లిట్జర్ ఆర్గన్ ఆ చోట మోగుతోంది.

మామూలు రోజు పొద్దున

థియేటర్ నడిపేవాడికి శుక్ర, శని రాత్రులు బాధ ఉండదు. అసలు టెన్షన్ మంగళ, బుధవారాల పొద్దుటి పూట. మూడు వేల సీట్లు ఖాళీగా ఉంటాయి, జీతాలు మాత్రం నడుస్తుంటాయి. పౌరసత్వ ప్రమాణ కార్యక్రమం సరిగ్గా ఆ పూటకు సరిపోయింది. ఒక్కో కార్యక్రమానికి వెయ్యి మంది దాకా అభ్యర్థులు వస్తారు, వాళ్లతో కుటుంబాలు. సెట్టింగు అక్కర్లేదు, రిహార్సల్ అక్కర్లేదు. స్టేజి మీద ఒక జెండా, ఒక మైకు, ఒక తెర చాలు. మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయిపోతుంది, సాయంత్రం షోకు అడ్డు లేదు.

పాత ప్లాను ఈ పనికి ఎంత బాగా కుదిరిందో చూడండి. బ్రాడ్‌వే మీద బారులు తీరిన జనం మొజాయిక్ గోడ కింద నుంచి లోపలికి వస్తారు. అభ్యర్థులు గ్రీన్‌కార్డు అప్పగించి కింది హాల్లో కూర్చుంటారు, చుట్టాలు, స్నేహితులు బాల్కనీకి వెళ్తారు. 1931లో వేల మంది ప్రేక్షకులను తోపులాట లేకుండా విడదీసి పంపడానికి వేసిన లాబీ, మెట్లు, తలుపులే ఇప్పుడు ఈ పని చేస్తున్నాయి, ఒక్క గోడ కదల్చకుండా. దేశాల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు, పేరు వినగానే ఆ దేశం వాళ్లు లేచి నిలబడతారు. ఇండియా అన్నప్పుడు లేచే వరసల్లో పట్టుచీరలు కనిపిస్తాయి, బాల్కనీలోంచి "అదుగో నాన్న" అనే మాటా వినిపిస్తుంది. పెద్ద గది ఉంటేనే ఇది సాధ్యం. నాలుగు స్క్రీన్లుగా చీల్చిన హాల్లో వెయ్యి మంది కలిసి లేచి నిలబడలేరు.

పోల్చి చూస్తే

ఇదే దారి అందరికీ కుదురుతుందని నేను చెప్పడం లేదు. ఫ్లూగరే 1932లో కట్టిన అలమేడా థియేటర్ మూతపడ్డాక కొన్నాళ్లు స్కేటింగ్ రింకుగా, జిమ్నాస్టిక్స్ నేర్పే చోటుగా నడిచింది. 2008లో మళ్లీ సినిమా హాలుగా తెరిచినప్పుడు అదనపు స్క్రీన్లను పాత హాల్లో ఇరికించకుండా పక్కన కొత్త భవనం కట్టి అందులో పెట్టారు. పక్కన ఖాళీ స్థలం ఉన్న ఓనర్ ఎవరైనా ముందు ఈ నమూనా చూడాలి.

కాస్ట్రో విషయంలో గొడవే జరిగింది. నిలబడి చూసే కచేరీలు కూడా జరిగేలా కింది అంతస్తులో శాశ్వతంగా బిగించిన సీట్లు తీసేసి, అవసరాన్ని బట్టి మార్చుకునే నేల వెయ్యాలన్నారు. 2022, 2023లలో ఊరు రెండుగా చీలి వాదించుకుంది. సీట్ల పక్షం వాదన నాకు నచ్చుతుంది, నడిపేవాళ్ల లెక్క కూడా అర్థమవుతుంది. ఓక్లాండ్‌లో ఆ గొడవ రాకపోవడానికి ఒక కారణం ఫాక్స్. నిలబడి చూసే రాక్ కచేరీలు అక్కడికి వెళ్తాయి, కూర్చుని చూసేవి పారామౌంట్‌కు వస్తాయి. ఫాక్స్ పక్క భాగాల్లో కళల పాఠశాల కూడా నడుస్తోంది. ఒక హాలు భవిష్యత్తు తేల్చేటప్పుడు ఆ ఊళ్లోని మిగతా హాళ్ల లిస్టు కూడా దగ్గర పెట్టుకోవాలి.

ముంబయిలో చర్చ్‌గేట్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న ఎరోస్ సినిమా హాలు 1938 నాటిది, షొరాబ్జీ భేద్వార్ డిజైన్. 2017లో మూతపడింది. ఆ మరుసటి ఏడే ముంబయి ఆర్ట్ డెకో భవనాల సముదాయంతో పాటు యునెస్కో జాబితాలోకి వెళ్లింది. 2024లో ఐమాక్స్‌గా తెరిచారు. వెయ్యికి పైగా సీట్లున్న చోట ఇప్పుడు మూడు వందల చిల్లర సీట్లు. ఎర్ర రాతి, మీగడ రంగు గోడలతో ఆ మూల మలుపు మళ్లీ మెరుస్తున్నందుకు సంతోషమే. కానీ లోపలి పెద్ద గది పోయింది. రేపు ఐమాక్స్ గిట్టుబాటు కాకపోతే, వెయ్యి మంది పట్టే చోటు కావాల్సిన అద్దెదారుకు చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు.

మూసే వారంలో చెయ్యాల్సింది

పారామౌంట్‌ను 1931 నాటి రూపానికి తేగలిగారంటే, ఆ రూపం ఏమిటో చెప్పే ఫోటోలు, గుడ్డ, కార్పెట్ నమూనాలు మిగిలి ఉండబట్టే. తర్వాత పాత కట్టడాలను నమోదు చేసే అమెరికా ప్రభుత్వ కార్యక్రమం హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే కూడా ఈ భవనాన్ని ఫోటోలతో నమోదు చేసింది. మన దగ్గర హాలు మూసిన మరుసటి రోజే సీట్లు పాతసామాను వాళ్ల బండెక్కుతాయి.

నా దగ్గరికి వచ్చేవాళ్లు హాలును చివరికి ఏం చేసినా సరే, తాళం వెయ్యక ముందు కొంత పని చేయిస్తాను. కప్పు మీద వాన నీరు పోయే గొట్టాలు శుభ్రం చేయించి, కారే చోట్లు మూయించడం మొదటిది, దీనికి పెద్ద ఖర్చు కాదు. ప్రతి గోడకు కొలబద్ద ఆనించి ఎదురుగా నిలబడి ఫోటో తీయించాలి. సీటు ఒకటి చట్రంతో సహా దాచాలి. గోడ రంగును పొరలు పొరలుగా గీకి, అడుగున మొదటి రంగు ఏదో చూసి నమూనా తీసి పెట్టాలి. టికెట్ కిటికీ మీది రేట్ల బోర్డు, గేటు మీది అక్షరాలు, కార్బన్ కడ్డీల మధ్య మెరుపుతో వెలిగే పాతకాలపు కార్బన్ ఆర్క్ ప్రొజెక్టర్ ఉంటే అది, లోపలే ఒక పొడి గదిలో పెట్టించాలి. ఇవన్నీ అయ్యాక చాలా ఏళ్లుగా అక్కడ పని చేసిన ఆపరేటర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, స్విచ్ బోర్డు ముందు నిలబెట్టి, ఏ మీట వేస్తే ఏ లైటు వెలుగుతుందో, ఏ లైటు ఎప్పటి నుంచి వెలగడం లేదో చెప్పిస్తూ వీడియో తీయించాలి.